చెయ్యి తెగేది గాజు కోసేటప్పుడు కాదు, మోసేటప్పుడే

ప్రశ్న: నమస్కారమండీ. మాది రాజమండ్రి. మా అమ్మమ్మగారి చెక్క అల్మారా ఈమధ్యే మా ఇంటికి వచ్చింది. రెండు తలుపుల్లో కలిపి నాలుగు అద్దాలు. ఒకటి పగిలి సగం ఊడిపోయింది, ఇంకొకటి మూల నుంచి బీటవారింది. ఇంట్లో పాత డైనింగ్ టేబుల్ మీది గాజు పలక వాడకుండా పడి ఉంది. అయిదడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, అరంగుళం మందం. దాన్ని కోసి అల్మారాలో అరలుగా వేద్దామని నా ఆలోచన. ఆన్‌లైన్‌లో గ్లాస్ కట్టర్ కూడా తెప్పించాను. ఇవి కాక, ఖాళీ సీసాలు కోసి లైట్లు చేద్దామని మా తొమ్మిదేళ్ళ అమ్మాయి ఒకటే గొడవ. సీసాకి దారం చుట్టి, నిప్పంటించి, నీళ్ళలో ముంచితే చక్కగా తెగుతుందని వీడియోలో చూసిందట. మావారికి మాత్రం ఇదంతా టెన్షన్‌గా ఉంది. గాజుతో ఇంట్లో పని పెట్టుకోవచ్చా? పెట్టుకుంటే ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
ఒక పాఠకురాలు

జవాబు: పెట్టుకోవచ్చమ్మా. అయితే మీరు చెప్పిన మూడు పనులూ ఒక్కలాంటివి కావు. అల్మారా అద్దాలు మీరు నిక్షేపంగా వేసుకోగలరు. డైనింగ్ టేబుల్ గాజుని కోయడం బహుశా ఎవరివల్లా కాదు. ఇక సీసాల సంగతి, మీ అమ్మాయి చూసిన పద్ధతిలో అయితే వద్దే వద్దు.

నా సంగతి ఒక ముక్క చెప్పి మొదలుపెడతాను. మా నాన్నగారికి ఫోటో ఫ్రేములు కట్టే కొట్టు ఉండేది. పదో తరగతి సెలవుల్లో అక్కడ కూర్చున్నవాణ్ణి ముప్పై ఏళ్ళు దాటేదాకా లేవలేదు. నా చేతుల మీద గాజు గుర్తులు ఆరో ఏడో ఉన్నాయి. వాటిలో కట్టర్ పట్టుకుని గీత గీస్తుండగా అయినది ఒక్కటీ లేదు. అన్నీ మోసేటప్పుడో, దింపేటప్పుడో, బల్ల తుడిచేటప్పుడో, చెత్త ఎత్తేటప్పుడో అయినవే. అన్నిటికంటే పెద్దది కుడి బొటనవేలి మొదట్లో ఉంది. పెళ్ళివారి నిలువుటద్దం ఒకటి గోడకి ఆనించి ఉంటే అది జారింది. శుభమా అని పెళ్ళి, అద్దం పగిలితే అరిష్టం అంటారేమోనని పట్టుకోబోయాను. అద్దం ఎలాగూ పగిలింది, నాకు ఏడు కుట్లు పడ్డాయి. ఆ వేలికి ఒక పక్క ఇప్పటికీ స్పర్శ సరిగా తెలియదు.

కాబట్టి కట్టర్ కొన్నందుకు భయపడకండి. భయపడాల్సింది దానికి ముందూ వెనకా ఉన్న పనుల గురించి.

ముందు డైనింగ్ టేబుల్ సంగతి తేలుద్దాం. చూడ్డానికి ఒకేలా ఉన్నా గాజులో రకాలున్నాయి. కిటికీలకీ ఫోటోలకీ వేసేది మామూలు గాజు. బల్లల మీదకీ, షోరూముల తలుపులకీ, బాత్రూం గదులకీ వేసేది ఎక్కువగా టఫెన్డ్ గాజు. మామూలు గాజునే 620 డిగ్రీల సెల్సియస్ పైకి కాల్చి, రెండు వైపులా ఒక్కసారిగా చల్లగాలి కొడతారు. పైపొర వెంటనే బిగుసుకుంటుంది, లోపలిది నెమ్మదిగా చల్లారుతూ పైపొరని లోపలికి లాగుతుంది. ఈ లాగుడు వల్లే దానికి అంత బలం. కానీ ఆ పైపొరలో ఎక్కడ లోతుగా గాటు పడినా లోపల దాగిన ఒత్తిడంతా ఒక్కసారే బయటపడుతుంది. పలక మొత్తం పటిక ముక్కల్లా రాలిపోతుంది. సగం తెగి సగం నిలవడం అనేది ఉండదు. అందుకే టఫెన్డ్ గాజుకి కోతలూ బెజ్జాలూ అన్నీ కాల్చకముందే అయిపోవాలి. తర్వాత దాన్ని కోసే కట్టర్ లేదు, కోసేవాడూ లేడు.

మీ పలక ఏ రకమో ఎలా తెలుస్తుంది? నాలుగు మూలలూ తడిగుడ్డతో తుడిచి చూడండి. చాలావాటికి ఒక మూల చిన్న ముద్ర ఉంటుంది, కంపెనీ పేరుతో పాటు ఐ.ఎస్. 2553 అని కూడా కనిపించవచ్చు. అది సేఫ్టీ గాజుకి మన దేశపు ప్రమాణం నంబరు. ముద్ర లేనంత మాత్రాన మామూలు గాజు అనుకోకండి, ముద్ర వేయనివీ వస్తాయి. మీవారి దగ్గర పోలరైజ్డ్ (నీళ్ళ మీదా రోడ్డు మీదా మెరుపుని తగ్గించే రకం) చలవ కళ్ళద్దాలు ఉంటే, పలకని ఆకాశం వెలుగు పడేచోట నిలబెట్టి, ఆ కళ్ళద్దాలతో వాలుగా చూడండి. నీడ మచ్చలో చారలో కనిపిస్తే అది టఫెన్డే. కారులో కూర్చుని వెనక అద్దం మీద చుక్కల వరసలు చూసే ఉంటారు, అలాంటివే.

సరే, మచ్చలు లేవు, మామూలు గాజే అని తేలిందనుకుందాం. అయినా ఆ పలక జోలికి మీరు వెళ్ళొద్దు. గాజు బరువుకి ఒక తేలిక లెక్క ఉంది: చదరపు మీటరుకి ప్రతి మిల్లీమీటరు మందానికీ రెండున్నర కిలోలు. అరంగుళం అంటే మన మార్కెట్లో 12 మిల్లీమీటర్లు. మీ పలక దాదాపు 1.4 చదరపు మీటర్లు. అంటే 42 కిలోలు, ఇంచుమించు ఒక సిమెంటు బస్తా. సిమెంటు బస్తా జారితే పాదం నలుగుతుంది. ఇది జారితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పైగా 12 మిల్లీమీటర్ల గాజు మూడు వందల రూపాయల కట్టర్‌తో, చేతి బలంతో తిన్నగా విరగదు, దారి తప్పి పక్కకి పోతుంది.

అరల కోసం కొలతలు రాసుకుని గాజు కొట్టుకే వెళ్ళండి. ఎంత బరువు పెడతారో చెబితే తగిన మందం వాళ్ళే చెబుతారు. అంచులు నున్నగా పాలిష్ చేయించమనండి. పిల్ల తిరిగే ఇల్లు కాబట్టి అరలకి టఫెన్డ్ గాజే ఆర్డర్ పెట్టండి. తయారై వచ్చాక ఒక్క మిల్లీమీటరు కూడా తగ్గించడానికి ఉండదు కనుక కొలతలు రెండుసార్లు చూసుకోండి. పాత పలక అలాగే ఉంచి ఇంకో బల్లకి వాడుకోండి, లేదా ఆ కొట్టువాడికే అమ్మేయండి.

ఇప్పుడు మీరు చేయగలిగే పని. అల్మారా తలుపు అద్దం ఒక్కొక్కటి అడుగు, అడుగున్నర ఉంటుందనుకుంటాను. 4 మిల్లీమీటర్ల గాజు అయితే ఒకటిన్నర కిలో కూడా ఉండదు. ఒక్కరే ఎత్తి పెట్టుకోవచ్చు.

పగిలిన అద్దం తీయడమే ఇందులో అసలు ప్రమాదం, కొత్తది వేయడం కాదు. చాలామంది ఇక్కడే తొందరపడతారు. ముందు పగిలినదానికీ బీటవారినదానికీ రెండు వైపులా ప్యాకింగ్ టేపు అడ్డంగా, నిలువుగా, ఐమూలగా అంటించేయండి. ఎంత ఎక్కువ అంటిస్తే అంత మంచిది. ఇప్పుడు అది పగిలినా పెంకులు ఎగరవు. ఆ తర్వాతే బందుల మరలు విప్పి తలుపుని తీయండి, పక్కన ఇంకొకరు పట్టుకోవాలి. మంచం మీద కాదు, గట్టి బల్ల మీద మడత దుప్పటి పరిచి, తలుపు ముఖాన్ని కిందకి పెట్టి పడుకోబెట్టండి.

అమ్మమ్మగారి కాలం నాటిదంటున్నారు, దాని రంగు గురించి ఒక మాట. మన దేశంలో ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం (లెడ్ అనే విష లోహం) 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90, దాటకూడదన్న నియమం 2017 నవంబర్ 1 నుంచి అమలైంది. అంతకు ముందు రంగుల్లో ఎంతెంత ఉండేదో డబ్బా చూసి చెప్పలేం. పొడి ఉప్పు కాగితంతో ఆ రంగుని గీకి దుమ్ము లేపితే, అది పీల్చేది ముందు మీ పాప. గీకక తప్పదంటే తడిపి గీకండి, ఆ పూటకి పాపని పక్కింటికి పంపండి, చివర్లో తడిగుడ్డతో తుడవండి.

వెనక వైపు అద్దాన్ని పట్టి ఉంచేది సన్నటి చెక్క బీడింగో, ఎండిపోయిన లప్పమో అయి ఉంటుంది. బీడింగ్ అయితే మూల దగ్గర కెలకకండి. పొడవాటి పట్టీ మధ్యలో సన్న ఉలి దూర్చి మెల్లగా లేపితే అది వంగి, మేకులతో సహా పైకి వస్తుంది. ఒకటి వస్తే మిగతావి సులువు. ఉలి మొన గాజు వైపు కాకుండా చెక్క వైపు ఉండాలి. లప్పం అయితే కొంచెం కొంచెంగా చెక్కాలి, ఇక్కడ ఓపికే పని. తలుపు విప్పడం కుదరక నిలువుగా ఉండగానే తీయాల్సివస్తే పైనున్న పెంకులు ముందు తీయాలి. కింది ముక్క లాగామంటే పైది కత్తిలా జారి మణికట్టు మీద పడుతుంది. ఫ్రేములో వేలాడుతున్న పెంకు కింద చెయ్యి ఎప్పుడూ పెట్టకండి.

కొత్త అద్దానికి కొలత తీసేటప్పుడు చెక్క గాడికి సరిగ్గా సరిపోయేలా తీయకండి. పొడవులోనూ వెడల్పులోనూ మూడేసి మిల్లీమీటర్లు తగ్గించండి. వానాకాలంలో గోదావరి గాలికి చెక్క ఉబ్బుతుంది, గాజు ఉబ్బదు. బిగుతుగా వేసిన అద్దం శ్రావణమాసంలో ఏ కారణమూ లేకుండా టక్కున బీట వేసిందంటే కారణం అదే. మీ రెండో అద్దం మూల నుంచి బీటవారిందన్నారు కదా, నాకు అనుమానం అక్కడే.

ఇక కోయడం. నిజం చెప్పమంటే, ఈ రెండు అద్దాలనీ కొట్టులో కోయించుకోమనే చెబుతాను. అక్కడివాడు రెండు నిమిషాల్లో కోసి, అంచులు రాయి మీద నూరి ఇస్తాడు. కానీ మీరు కట్టర్ కొనేశారు, చేతులు ఊరుకోవు. నేర్చుకోండి, తప్పులేదు. కొట్టులో పనికిరాని ముక్కలు అడిగి తెచ్చుకుని వాటిమీద ఒక పాతిక గీతలు గీశాకే అసలు గాజు ముట్టుకోండి. మూడు, నాలుగు మిల్లీమీటర్లవి చాలు.

మనం కోయడం అంటాం గానీ నిజానికి గాజుని ఎవరూ కోయరు. గీత గీసి విరుస్తారు. కట్టర్ చక్రం గాజు పైన కంటికి సరిగా ఆనని ఒక సన్నటి పగులు వేస్తుంది. వంచగానే ఆ పగులు లోపలికి పరుగెడుతుంది. పగులు మొనలోనే బలమంతా పోగై వస్తువు విరుగుతుందని 1921లో ఎ. ఎ. గ్రిఫిత్ అనే ఇంగ్లీషు ఇంజనీరు తన పరిశోధన పత్రంలో లెక్క కట్టి చూపించాడు, ఆ పరీక్షలకి వాడింది కూడా గాజునే. మా కొట్లో ఎవరికీ ఆ లెక్కలు రావు గానీ, రెండో గీత గీశామంటే నాన్నగారు స్కేలు తీసుకునేవారు. ఒకసారి వేసిన గీత మీద మళ్ళీ చక్రం తిప్పితే పగులు ముక్కచెక్కలై, విరిచేటప్పుడు దానికి తోచిన దారిలో పోతుంది. గీత ఒక్కటే, ఒక్కసారే.

గాజుని సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టండి. బల్ల మీద పాత దుప్పటి ఒక్క మడత వేసి పెట్టండి. మరీ మెత్తగా ఉంటే గీత ఒత్తిడికే విరుగుతుంది. పువ్వుల డిజైన్ గాజు అయితే నున్నటి వైపే గీయాలి. అద్దం అంటే మొహం చూసుకునేది అయితే రంగు లేని వైపు. కట్టర్ చక్రాన్ని ఒక చుక్క కిరోసిన్‌లోనో కుట్టుమిషన్ నూనెలోనో ముంచండి. స్కేలు కింద రెండు చోట్ల రబ్బరు ముక్క అంటిస్తే జారదు. ఈ చివర నుంచి ఆ చివరదాకా ఆపకుండా, ఒకే ఒత్తిడితో లాగండి. పట్టుచీర చింపుతున్నట్టు సన్నగా కర్రుమని శబ్దం రావాలి. శబ్దం ఎక్కడ ఆగిందో అక్కడ గీత పడలేదు. గీత తెల్లగా పిండి రాలుతున్నట్టుంటే మరీ గట్టిగా నొక్కినట్టు.

గీశాక టీ తాగి వద్దామనుకోకండి, వెంటనే విరవాలి. గీతకి సరిగ్గా కింద ఒక పెన్సిలు పెట్టి, రెండు వైపులా అరచేతులతో ఒక్కసారి కిందకి నొక్కితే టప్పుమని రెండు ముక్కలవుతుంది. భయపడుతూ సగం సగం నొక్కితేనే వంకర పోతుంది. వేలెడు కన్నా సన్నటి పట్టీ తీయాలంటే చేత్తో కాదు, గాజు పట్టకారుతో విరవాలి. ఎల్ ఆకారం లాంటి లోపలి మూలలు ఈ పద్ధతిలో రావు, ఎవరు ఏ వీడియో చూపించినా సరే.

ఇప్పుడు విరిగిన అంచు చూడండి. అందంగా మెరుస్తుంది. ఇంట్లో ఉన్న ఏ కత్తికీ ఆ పదును ఉండదు. దాన్ని వేలితో తడిమి చూడాలనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. వద్దు. అదే పూట, ఆ ముక్కని ఇంకోచోటికి కదపకముందే నూరేయాలి. వడ్రంగులు వాడే నల్ల వాటర్ పేపర్ 120 నంబరుది, తర్వాత 220ది చెక్కముక్కకి చుట్టి, నీళ్ళు చల్లుతూ అంచు వెంట వాలుగా నాలుగైదుసార్లు రుద్దండి. ముందుకీ వెనక్కీ రంపంలా కాకుండా ఒకే వైపుకి. నీళ్ళు లేకుండా రుద్దితే గాజు పొడి గాలిలో కలిసి కళ్ళలోకీ ముక్కులోకీ పోతుంది. ఆ తడి బురదని సింకులో కడగకండి, పాత పేపరుతో ఎత్తి పారేయండి.

బిగించేటప్పుడు మూలల్లో చిన్న సిలికాన్ చుక్కలు పెట్టి అద్దం కూర్చోబెట్టండి. బీడింగ్ మేకులు కొట్టేటప్పుడు గాజు మీద అట్టముక్క వేసి, సుత్తిని పైకెత్తి కొట్టకుండా అట్ట మీదే పక్కకి జారుస్తూ కొట్టాలి. ఫ్రేము కట్టేవాళ్ళని గమనించండి, ఎవరూ సుత్తి ఎత్తరు.

ఒంటిమీద ఏం ఉండాలి, ఏం ఉండకూడదు? ముందు గాజులు తీసేయండమ్మా. మన భాషలో రెండిటికీ ఒకే పేరు ఉండటం బాగానే ఉంది గానీ, గాజు పలక అంచుకి చేతి గాజు తగిలి చిట్లితే ఆ ముక్క దిగేది మణికట్టులోనే. ఉంగరం కూడా వద్దు. చీర కొంగు, చున్నీ బిగించి కట్టుకోండి. పొడుగు చేతుల మందపు చొక్కా, మీవారి పాత జీన్స్ చొక్కా దొరికితే అదే మేలు.

మనం ఇంట్లో ఉత్త కాళ్ళతో తిరుగుతాం. గాజు పని ఉన్న రోజు అది కుదరదు. హవాయి చెప్పులు కూడా చాలవు, పెంకు కింద నుంచి కాదు, పై నుంచి పాదం మీద పడుతుంది. బూట్లు వేసుకోండి. కళ్ళజోడు ఉంది కదా అనుకోవద్దు, పక్కల నుంచి వచ్చే రవ్వని అది ఆపదు. పక్కలు మూసిన రక్షణ కళ్ళద్దాలు హార్డ్‌వేర్ కొట్లో దొరుకుతాయి.

చేతి తొడుగుల దగ్గర చాలామంది మోసపోతారు. నూలు తొడుగు గాజుకి అడ్డేమీ కాదు, పైగా జారుతుంది. గిన్నెలు కడిగే రబ్బరుదీ అంతే. కోతని ఆపే తొడుగులని విడిగా ఉంటాయి, అరచేతి వైపు రబ్బరు పూత ఉంటుంది. వాటి మీద ఇ.ఎన్. 388 (రక్షణ తొడుగులకి యూరప్ ప్రమాణం నంబరు) అని, కింద కొన్ని అంకెలూ ఒక ఇంగ్లీషు అక్షరమూ ఉంటాయి. ఆ అక్షరం ఏ నుంచి ఎఫ్ దాకా, ముందుకి వెళ్ళేకొద్దీ బలం ఎక్కువ. సీ గానీ అంతకు పైది గానీ తీసుకోండి. గీత గీసేటప్పుడు వేళ్ళకి పట్టు తెలియడం లేదని కొందరు కుడి తొడుగు తీస్తారు, నేనూ తీసేవాణ్ణి. గీత వరకే. విరిచేటప్పుడూ ఎత్తేటప్పుడూ రెండూ ఉండాల్సిందే.

కొట్టు నుంచి గాజు తేవడం గురించి మీరు అడగలేదు. నా లెక్కలో పెద్ద ప్రమాదం అదే. స్కూటర్ మీద వెనక మనిషి ఒళ్ళో పెట్టుకుని తీసుకెళ్ళడం నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. బ్రేకు వేస్తే ఆ అంచు ఎవరి మెడ దగ్గరుంటుందో ఆలోచించండి. ఆటోలో తీసుకెళ్ళండి, దుప్పటి చుట్టి నిలువుగా నిలబెట్టండి. గాజుని పడుకోబెట్టి మోస్తే దాని బరువుకే వంగి విరుగుతుంది. నిలువుగా, ఒక చెయ్యి కింద, ఒక చెయ్యి పక్కన పెట్టి పట్టుకోవాలి. చంకలో పెట్టుకోవద్దు. అక్కడా, మోచేతి లోపలా పెద్ద రక్తనాళాలు చర్మానికి దగ్గరగా ఉంటాయి. నెత్తికి పైగా ఎత్తొద్దు. ఇంట్లో దింపేటప్పుడు బండల మీద నేరుగా కాకుండా రెండు చెక్కముక్కల మీద, గోడకి కాస్త వాలుగా పెట్టండి. మూల నేలకి తగిలితే ఎంత మంచి గాజైనా అక్కడే పోతుంది.

జారిందనుకోండి. వదిలేయండి. చేతులు పైకెత్తి ఒక అడుగు వెనక్కి వేయండి. ఇది మనసుకి రాదు, పట్టుకోవాలనే ఉంటుంది. అందుకే పని మొదలుపెట్టేముందు మీరూ మీవారూ పైకే అనుకోండి: జారితే ఎవరూ పట్టుకోకూడదని. అద్దం విలువ నాలుగు వందలు. నా బొటనవేలి విలువ ఇంకా తేలలేదు.

ఇక మీ అమ్మాయి సీసాలు. కిరోసినో, నెయిల్ పాలిష్ తుడిచే ద్రవమో తడిపిన దారం చుట్టి అంటించడమంటే, చేతికి నిప్పు తగిలే పనీ చేతికి పెంకు తగిలే పనీ రెండూ ఒకేసారి పెట్టుకోవడం. నిప్పు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ ఉంటుంది. పైగా సీసా గోడ అన్ని పక్కలా ఒకే మందంగా ఉండదు, వెలుగులో తిప్పి చూస్తే మీకే తెలుస్తుంది. అందుకే పగులు తిన్నగా రాదు. వీడియోలో తెగిన ఒక్క సీసా చూపిస్తారు, పగిలిన పది చూపించరు.

చేయాలనే ఉంటే సీసా కట్టర్ అని దొరుకుతుంది. సీసాని దానిమీద పడుకోబెట్టి ఒక్క చుట్టు తిప్పితే గీత పడుతుంది. ఇక్కడా రెండో చుట్టు వద్దు. ఆ గీత మీద వేడినీళ్ళు, తర్వాత కుళాయి కింద చన్నీళ్ళు, మళ్ళీ వేడినీళ్ళు. నాలుగైదుసార్లకి దానంతట అదే విడిపోతుంది. ఈ పని మీది. అంచు నున్నగా నూరి, వేలికి తగలనంతగా అయ్యాక, రంగులు వేయడం, దీపాల దండ లోపల సర్దడం పాప పని. లోపల పెట్టేది ఎల్‌ఈడీ దండే ఉండాలి. పాతకాలపు వేడి బల్బు పెడితే ఆ వేడికి నూరిన అంచు దగ్గరే చిట్లవచ్చు. వైరుకి బెజ్జం కావాలంటే డైమండ్ బిట్టు, నీళ్ళు, నెమ్మది వేగం. నీళ్ళుంటాయి కనుక కరెంటు డ్రిల్లు కాదు, బ్యాటరీది. కోసిన సీసాని గ్లాసుగా వాడి నీళ్ళు తాగుదామంటే మాత్రం ఒప్పుకోవద్దు. ఎంత నూరినా ఆ అంచు పెదవికి పనికొచ్చేది కాదు. గోలీ సోడా సీసాలని వదిలేయండి. 1872లో హైరమ్ కాడ్ పేటెంట్ తీసుకున్న ఆ సీసా గ్యాసు ఒత్తిడిని ఆపడానికి మందంగా పోసింది, మెడ దగ్గర నొక్కులు కూడా ఉంటాయి, తిన్నగా రాదు. అలాగే షోకేసులో పెట్టుకుంటే బాగుంటుంది కూడా.

పని అయ్యాక బల్లని అరచేత్తో తుడవకండి. ఇది రాస్తుంటే నాకే నవ్వొస్తోంది, ఎందుకంటే నాకున్న గుర్తుల్లో రెండు అలా వచ్చినవే. ఫ్యాన్ ఆపి ఉంచండి. బల్ల మీదవి బ్రష్షుతో, నేల మీదవి పాత చీపురుతో ఊడ్చి ఆ చీపురు కూడా పారేయండి, పుల్లల మధ్య పెంకులు ఇరుక్కుంటాయి. తర్వాత గది చీకటి చేసి, ఫోన్ టార్చి నేలకి ఆనించి పక్కకి వెలుగు వేయండి. కంటికి కనపడని రవ్వలు తళుక్కుమంటాయి. గోధుమపిండి ముద్దతో అద్దితే వాటికి అంటుకుంటాయి. ఆ ముద్దని ఆవులకో కుక్కలకో దొరికేలా పారేయకండి, అట్టపెట్టెలో మిగతా పెంకులతో పాటే వేయండి. పెట్టెకి టేపు చుట్టి, మీద పెద్ద అక్షరాలతో ‘గాజు పెంకులు’ అని రాసి, మునిసిపాలిటీ బండి వచ్చినప్పుడు నోటితో కూడా చెప్పి ఇవ్వండి. పల్చటి ప్లాస్టిక్ కవరులో వేసి చెత్తబుట్టలో పడేస్తే తెగేది ఇంకొకరి చెయ్యి. సంక్రాంతి ముందు పిల్లలు మాంజాకి పెంకులు అడుగుతూ వస్తారు, వాళ్ళకి మాత్రం ఇవ్వొద్దు.

తెగితే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. శుభ్రమైన గుడ్డతో గట్టిగా నొక్కి, చెయ్యి గుండెకంటే పైకి ఎత్తి పది నిమిషాలు అలాగే ఉంచండి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి తీసి చూడకండి. పసుపు, కాఫీపొడి వద్దు. డాక్టరు ముందు వాటిని కడగాల్సి వస్తుంది. చిన్న గీత అయితే కుళాయి నీళ్ళు ధారగా పోసి కడిగితే సరిపోతుంది. పెంకు లోపలికి దిగి నిలిచి ఉంటే లాగకండి, దాని చుట్టూ నొక్కి ఆసుపత్రికి వెళ్ళండి. నెత్తురు ఎగజిమ్ముతుంటే 108కి ఫోన్ చేయండి. నెత్తురు ఆగినా వేలు వంగకపోయినా, తిమ్మిరిగా ఉన్నా అదే రోజు చూపించాలి, నరమో కండర తాడో తెగి ఉండవచ్చు. నేను రెండు రోజులు ఆగాను. గాజు వల్ల తెగిందని డాక్టరుకి చెప్పండి. ముక్క లోపల ఉంటే సాధారణంగా ఎక్స్‌రేలో కనిపిస్తుంది. చివరి టెటనస్ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి, లోతు గాయమై అయిదేళ్ళు దాటి ఉంటే మళ్ళీ వేస్తారు.

మీవారి టెన్షన్‌కి ఒక పని అప్పజెబుతాను. ఆదివారం పొద్దున, ఎండ పూర్తిగా రాకముందు, ఆ డైనింగ్ టేబుల్ గాజుని మీరిద్దరూ బూట్లూ తొడుగులూ వేసుకుని చెక్కముక్కల మీద నిలబెట్టండి. ఆయన చలవ కళ్ళద్దాలు పెట్టుకుని మచ్చలు వెతుకుతారు. ఆ కాసేపూ పాప గుమ్మం బయట ఉండాలి. చూడటం అయ్యాక పలకని గోడకి ఆనించి, అది ముందుకి జారకుండా ఒక బరువైన పెట్టె అడ్డం పెట్టి, దుప్పటి కప్పేయండి.